మంగాయమ్మ గారింట్లో గ్లాసుడు నీళ్ళు

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదని సామెత. నా కథలో ఆ సామెత బోర్లా పడింది. నీళ్ళు తాగింది నేను. ఉప్పు తిన్నది ఒక పేట పేటంతా. ఇప్పటికీ తింటూనే ఉంది. ఎదుటివాళ్ళ నోట్లో మట్టి కొట్టినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్ళతో నాకు పోటీ లేదు. ఉప్పు కొట్టినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. అదీ నులకమంచం మీద కూర్చుని, పక్కనొకావిడ విసనకర్రతో విసురుతుండగా, గ్లాసుడు నీళ్ళు తాగి సాధించాను.

ఈ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొచ్చినచోట నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ వయసులో నేనున్న తీరుకి నవ్వకపోతేనే తప్పు. చివరికొచ్చేసరికి నవ్వు రాకపోతే బలవంతం లేదు. అక్కడ నాకూ రాదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది రాజోలు దగ్గర ఊరు. హైదరాబాదులో సినిమా కోర్సు ఒకటి పూర్తిచేసి, భుజాన గుడ్డసంచి, మొహాన గడ్డం, సమాజం మీద బోలెడంత కోపం వేసుకుని తిరిగొచ్చాను. గడ్డం అక్కడక్కడా వచ్చింది గానీ కోపం మాత్రం ఒత్తుగా వచ్చింది. నేను తీసేవి డాక్యుమెంటరీలు. హీరో ఉండడు, పాట ఉండదు, ఉన్న మనుషుల్ని ఉన్నట్టు చూపించాలి. మా నాన్నగారికి ఈ సంగతి నలుగురికీ చెప్పడం పెద్ద పరీక్ష అయిపోయింది.

"మీవాడు ఏం చేస్తున్నాడండీ?" అని ఎవరైనా అడిగితే, "సినిమాలు తీస్తున్నాడండి" అనేవారు.

"ఏ సినిమాలండీ?"

"ఎవరూ చూడనివండి."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదారి దాటే మనుషుల గురించి ఒక చిన్న సినిమా తీసి యూట్యూబులో పెట్టాను. నలభై సార్లు చూసినట్టు చూపించింది. అందులో ముప్పై సార్లు మా అమ్మే.

అయినా నేను తగ్గలేదు. నా నోటుపుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో మూడు సూత్రాలు రాసుకున్నాను. ఒకటి, నటన ఉండకూడదు. రెండు, రెండో టేకు ఉండకూడదు. మూడు, నిజాన్ని కత్తిరించకూడదు. బుర్ర ఉండాలి అని నాలుగోది రాసుకోవడం మర్చిపోయాను.

నాకు కెమెరా లేదు. కెమెరా శీనుది. శీను అమలాపురంలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. పెళ్ళిళ్ళు లేని మూఢంలో నాతో వచ్చేవాడు. అంటే నా సామాజిక స్పృహ అంతా పంచాంగం మీద ఆధారపడి ఉండేది. వాడికో అలవాటు, కెమెరా పెట్టగానే "పిన్నిగారూ, కొంచెం నవ్వండి" అనేవాడు. ఒకసారి, పాము కాటుకి గేదె చచ్చిపోయి ఏడుస్తున్న మనిషిని కూడా నవ్వమన్నాడు. మనిషి మంచివాడు. ఆ రోజుల్లో మా ఇద్దరిలో బుర్ర ఉన్నది వాడికే.

ఇక పేట సంగతి. అల్లవరం దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. పేరు చెప్పను, ఆ పేరు పలకడానికి ఇంకా మొహం చెల్లదు. అంతా చేపల వేట మీద బతికే కుటుంబాలు. ఒకప్పుడు పేట చుట్టూ వరిచేలు, కొబ్బరితోటలు ఉండేవి. అవి పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల్లో ఉప్పునీరు నిలబెడతారు కదా, అది నెమ్మదిగా నేలలోకి దిగి, పేటలో ఉన్న ఒక్క మంచినీళ్ళ నూతిలోకి వచ్చి కూర్చుంది. నుయ్యి ఉప్పెక్కిపోయింది. అప్పట్నుంచీ తాగడానికి కొనుక్కునే టిన్ను నీళ్ళే. రోజు విడిచి రోజు ఆటో వస్తుంది. అదైనా పేటలోకి రాదు, ఇసకలో చక్రం దిగబడుతుందని తారురోడ్డు మీదే ఆపేస్తాడు. అక్కడి నుంచి ఆడవాళ్ళు టిన్నులు చంకన పెట్టుకుని మోసుకెళ్ళాలి. టిన్ను అయిపోతే మళ్ళీ ఆటో వచ్చేదాకా నూతినీళ్ళే గతి.

పేటకి పెద్ద వీర్రాజు గారు. వేటకి వెళ్ళీ వెళ్ళీ గొంతు బొంగురుపోయిన మనిషి. ఒకరోజు మా ఊరు వెతుక్కుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"తమరు పంటు మీద తీసిన సినిమా మా అల్లుడు ఫోన్లో చూపించేడండి. చాలా బాగుందండి," అన్నారు.

నలభైలో మిగిలిన పది సార్లూ ఎవరో అప్పుడు తెలిసింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"గోదారి నీళ్ళు గొట్టంలో తెచ్చి ఇస్తారటండి," అన్నారాయన. "ఈ విడతలో ఒక్క లైనే ఉందంటండి. మేమూ అడుగుతున్నాం, మా పై ఊరోళ్ళూ అడుగుతున్నారండి. ఎవరికి ముందు ఇవ్వాలో అమలాపురంలో మీటింగు పెట్టి తేలుస్తారంట. మేం నోటితో చెప్తే వింటం లేదండి. తమరు సినిమా తీసి చూపిస్తే చూస్తారేమోనని వచ్చేనండి."

"చూస్తారేమో కాదండీ, చూసి తీరతారు," అన్నాను. "నిజం తెర మీదికి వస్తే ఎవడూ కాదనలేడు."

"ఆయ్," అన్నారు వీర్రాజు గారు. ఆ ముసలాయన ఆశంతా నా గడ్డం మీద పెట్టుకుని వెళ్ళారు.

వారం తిరక్కుండా శీనుని వెంటబెట్టుకుని పేటకి వెళ్ళాను. కష్టాలు తియ్యాలని వెళితే కష్టాలు ఎక్కడా కనబడవే. ఇళ్ళముందు కళ్ళాపి, ముగ్గులు. ఆడవాళ్ళంతా తలంట్లు పోసుకుని, పెళ్ళికి కట్టుకునే చీరలు కట్టుకుని, జడల్లో పూలు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. శీను మొహం వెలిగిపోయింది, వాడికి తెలిసిన పని వచ్చింది.

"ఇదేంటండీ వీర్రాజు గారూ, రోజూ ఎలా ఉంటారో అలా ఉండమన్నాను కదా," అన్నాను.

"రోజూ ఉన్నట్టు మీముందు ఎలా ఉంటామండి? పరువు కాదు కదండి," అన్నారు.

నూతికి ఎదురిల్లు మంగాయమ్మ గారిది. అరవై దాటిన మనిషి, భర్త లేరు. కొడుకు, కోడలు, మూడో నెల మనవరాలు. కోడలికి పాలు చాలక పిల్లకి డబ్బా పాలు పడుతున్నారు. ఆ పాలు నూతినీళ్ళతో కలపకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. మంగాయమ్మ గారికి రెండు మోకాళ్ళూ పోయాయి. అయినా కోడలు పచ్చి బాలింతరాలని టిన్ను తనే మోసేవారు. పైపు ఎవరికి ఎంత అవసరమో తెలియదు గానీ, ఆవిడ మోకాళ్ళకి మాత్రం చాలా అవసరం. అందుకే ఆవిణ్ణి ముఖ్యపాత్రగా ఎంచుకున్నాను.

కెమెరా పెట్టి అడిగాను. "పిన్నిగారూ, మీ కష్టాలు చెప్పండి."

"ఏం కష్టాలండి బాబుగారూ. తమరంతటోరు మా పేటకి వచ్చేరు, అదే చాలండి. టిఫిన్ చేసేరా?"

"చేశానండి. నీళ్ళ సంగతి చెప్పండి."

"నీళ్ళకేంటండి, ఉన్నాయండి."

"ఉప్పగా ఉంటాయి కదా?"

"ఆయ్, కొంచెం ఉంటాయండి."

"కొంచెం అంటే?"

"పప్పు ఉడకదండి. సబ్బు నురగ రాదండి. టీ పెడితే పాలు విరిగిపోతాయండి. అంతేనండి, మిగతాదంతా బాగానే ఉందండి. ఒక కాజా తింటారా? మా అబ్బాయి తాపేశ్వరం నుంచి తెచ్చేడు."

ఇదీ వరస. కోనసీమలో పుట్టి పెరిగి నాకు తెలియాల్సిన విషయం ఇది. ఇంటికొచ్చినవాడి ముందు తమ ఇబ్బంది చెప్పుకోవడం మావాళ్ళకి ఇబ్బంది. వాడు తిన్నాడా లేదా అన్నది తేలేదాకా ఇంకో మాట నడవదు. మేనమామకి పుట్టింటి సంగతి చెప్పాలా అన్నట్టు, నాకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నేను హైదరాబాదులో చదువుకొచ్చాను కదా, పుట్టింటి అడ్రసు మర్చిపోయాను.

మధ్యాహ్నం దాకా కాజాలు, కొబ్బరిబొండాలు, పొగడ్తలు తప్ప కెమెరాలోకి ఇంకేమీ పడలేదు. అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. వాళ్ళు చెప్పకపోతే నేనే చెబుతాను. ఆ నూతినీళ్ళు కెమెరా ముందు నేనే తాగుతాను. తాగి మొహం చిట్లిస్తాను. ఆ ఒక్క చిట్లింపుతో అమలాపురం అదిరిపోవాలి. శీను ఫోన్లో సెల్ఫీ కెమెరా పెట్టుకుని మూడు రకాలుగా చిట్లించి చూసుకున్నాను. నటన ఉండకూడదన్న మొదటి సూత్రం ఏమైందని అడగకండి. అది పేదవాళ్ళకి పెట్టిన సూత్రం, డైరెక్టరుకి కాదు.

"అంత వేషమెందుకు గురూ," అన్నాడు శీను. "నూతి దగ్గరికెళ్ళి చేదలోంచి దోసిట్లో పోసుకుని తాగెయ్. అయిపోద్ది."

"నూతి దగ్గర ఎవడైనా తాగుతాడు. ఒక ఇంటి మంచం మీద కూర్చుని, ఆ ఇంటి గ్లాసుతో తాగితేనే దాని బరువు తెలుస్తుంది," అన్నాను.

"సరే, బరువు నువ్వే మొయ్యి," అన్నాడు వాడు.

షాట్ మొదలైంది. నేను వాళ్ళింట్లో నులకమంచం మీద కూర్చున్నాను, పక్కింటావిడ విసనకర్రతో విసురుతోంది. మంగాయమ్మ గారు నూతి దగ్గరికి వెళ్ళి చేద వేసి నీళ్ళు తోడారు. బిందెలో పోసుకుని ఇంట్లోకి వచ్చారు. శీను కెమెరా ఆపకుండా వెనకే నడిచాడు. వంటగది గుమ్మం దగ్గర ఆవిడ ఆగి, "లోపల దేవుడి గూడుందండి, చెప్పులతో వద్దండి," అన్నారు. శీను ఆగిపోయాడు. గుమ్మానికి ఉన్న కర్టెను, దాని మీద నెమలి బొమ్మ, ఓ పది సెకన్లు. కర్టెను పక్కకి జరిగింది. ఆవిడ స్టీలు గ్లాసు పళ్ళెంలో పెట్టుకుని బయటికి వచ్చారు. రెండు చేతులతో నాకు అందించారు.

నేను గ్లాసు ఎత్తి పట్టుకుని, కెమెరా వైపు ఓ చూపు చూసి, తాగాను.

చల్లగా ఉన్నాయి. తియ్యగా ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఇసకలో తిరిగి, కాజాల తీపికి గొంతు పిడచకట్టుకుపోయి ఉందేమో, ఆ నీళ్ళు లోపలికి వెళుతుంటే ప్రాణం లేచొచ్చింది. మొహం చిట్లించడం మర్చిపోయాను. చిట్లించడం మాట అటుంచి కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాను. చేసి అన్నాను కదా, "బాగున్నాయమ్మా. తియ్యగా ఉన్నాయి."

మంగాయమ్మ గారి మొహం విప్పారింది. "ఇంకో గ్లాసు ఇమ్మంటారా?"

ఇమ్మన్నాను. అదీ తాగాను. తాగాక జ్ఞానోదయమై అడిగాను. "ఇవి ఆ నూతివేనా పిన్నిగారూ?"

ఆవిడ ఒక్క క్షణం నేలచూపు చూశారు. "ఆయ్," అన్నారు.

బయటికి రాగానే శీను నా భుజం పట్టుకున్నాడు. "ఇది తేడాగా ఉంది గురూ. నూతినీళ్ళు అలా ఉండవు. ఆవిణ్ణి పక్కకి పిలిచి అడుగుదాం. ఇంకో టేకు తీద్దాం."

"రెండో టేకంటే అబద్ధం," అన్నాను.

"మొదటిదే అబద్ధమైతే?"

ఈ ప్రశ్నకి జవాబు లేదు కాబట్టి ఉపన్యాసం ఇచ్చాను. నిజం మనకి నచ్చినట్టు ఉండదనీ, వచ్చింది వచ్చినట్టు తీసుకోవడమే ధర్మమనీ అరగంట చెప్పాను. వాడు పావుగంట దగ్గరే కెమెరా సర్దేసుకున్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నుయ్యి ఉప్పెక్కుతుంది, పాటు తీసినప్పుడు తియ్యగా మారుతుంది. నేను తాగింది పాటు వేళ. ఇంత చక్కటి సిద్ధాంతం ఎవరినీ ఒక్క ముక్క అడక్కుండా తయారైంది. సినిమాలో ఆ గ్లాసు సన్నివేశం వెనక నా గొంతుతోనే ఒక మాట కూడా పెట్టాను. "కడలి వెనక్కి తగ్గిన వేళ, ఈ నుయ్యి తన పాత తీపిని గుర్తు చేసుకుంటుంది." ఈ వాక్యం రాసుకుని నాలో నేనే కాసేపు మురిసిపోయాను.

మీటింగుకి రెండు రోజుల ముందు వీర్రాజు గారు ఫోన్ చేశారు. "ఒకసారి మాకు చూపిస్తారాండి ముందుగా?"

"ముందు చూపిస్తే మీరు అది మార్చు, ఇది మార్చు అంటారు. నిజం పలచబడిపోతుంది," అన్నాను.

"ఆయ్, అలాగేనండి. తమరికి తెలీనిదా," అన్నారాయన.

అమలాపురంలో మీటింగు. పెద్ద హాలు. ముందు వరసలో కమిటీవాళ్ళు, మధ్యలో ఒక అధికారి. ఒక పక్క పై ఊరివాళ్ళు. వెనక మా పేటవాళ్ళు, మంగాయమ్మ గారితో సహా. ఆవిడ టిన్ను మోసిన మోకాళ్ళతోనే బస్సెక్కి వచ్చారు. నేను ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. సినిమా వేశారు.

అధికారి మొదట్లో సరిగ్గా చూడలేదు. ఫైలు తిరగేస్తూ, మధ్యమధ్య తలెత్తుతూ ఉన్నారు. చెరువుల మీదుగా తీసిన దృశ్యాలు వెళ్ళాయి, ఎండిన కొబ్బరిచెట్లు వెళ్ళాయి, ఇసకలో టిన్నులు మోసే ఆడవాళ్ళు వెళ్ళారు. అక్కడ ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. నేను లాల్చీ సర్దుకున్నాను. తర్వాత గ్లాసు వచ్చింది.

"బాగున్నాయమ్మా. తియ్యగా ఉన్నాయి," అన్నాను తెర మీద.

"ఒక్క నిమిషం ఆపండి," అన్నారు అధికారి. "కొంచెం వెనక్కి తిప్పండి."

తిప్పారు. తెర మీద నేను మళ్ళీ కళ్ళు మూసుకుని నీళ్ళు తాగి, మళ్ళీ బాగున్నాయన్నాను. ఇంకోసారి వెయ్యమన్నారు. మూడోసారికి పై ఊరివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నా మొహం అంత పెద్దగా, అంత సుఖంగా ఉండటం నేనే ఎప్పుడూ చూడలేదు.

"వీర్రాజు గారూ," అన్నారు అధికారి, మర్యాదగానే. "నూతినీళ్ళు నోట పెట్టలేకపోతున్నాం అని అర్జీలో రాసేరు కదండి."

"ఆయ్, రాసేవండి."

"మరి డైరెక్టరు గారు రెండు గ్లాసులు తాగేరు."

వీర్రాజు గారు లేచి నిలబడ్డారు. "అవి టిన్ను నీళ్ళయ్యుంటాయండి. బయటి మనిషి గుమ్మంలోకొస్తే మావోళ్ళు నూతినీళ్ళు ఇవ్వరండి. చెయ్యి రాదండి. తమరొచ్చినా టిన్ను నీళ్ళే ఇస్తామండి."

ఆ మాట వినగానే నాకు అర్థమైపోయింది. నెమలి బొమ్మ కర్టెను, పది సెకన్లు. ఆ నీళ్ళలో ఉన్న ప్లాస్టిక్ వాసన కూడా అప్పుడు ముక్కుకి తగిలింది. పిల్ల పాలకి పెట్టుకున్న టిన్నులోంచి రెండు గ్లాసులు నేను తాగేశాను. ఇది నాకు తెలియలేదని చెప్పుకుంటే ఈ జ్ఞాపకం ఇంకొంచెం హాయిగా ఉండేది. తెలిసింది. ఆ హాల్లో, ఆ నిమిషంలోనే తెలిసింది.

అధికారి నా వైపు తిరిగారు. "అలాగాండి? సినిమాలో నూతినీళ్ళు అని చూపించేరు. అవి టిన్ను నీళ్ళయితే ఇది కల్పితమన్నమాట. మీరు చెప్పండి, ఇందులో కల్పితం ఉందా?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. పొరపాటు పడ్డానండి, అంతే. గోటితో పోయేది. కానీ కల్పితం అన్న మాట నా చెవిలో పడేసరికి ఎర్రసిరా సూత్రాలన్నీ నెత్తికెక్కాయి. నా పేరు, నా నిజాయతీ, పత్రికల్లో రాబోయే నా ఫోటో, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. పైపు తిరగలేదు. మంగాయమ్మ గారి మోకాళ్ళు తిరగలేదు.

"నా సినిమాలో కల్పితం ఒక్క ఫ్రేము కూడా లేదండి," అన్నాను, చెయ్యెత్తి మరీ. "నా కళ్ళముందే నూతిలోంచి తోడారు. నా చేతికే ఇచ్చారు. నేను అబద్ధం తియ్యను."

వీర్రాజు గారు నా వైపు చూశారు. కోపంగా కాదు. వల తెగిపోతున్నప్పుడు మనిషి ఎలా చూస్తాడో అలా చూశారు.

"సరేనండి, ఇచ్చినావిడ ఉన్నారా?" అన్నారు అధికారి.

మంగాయమ్మ గారు కుర్చీ పట్టుకుని లేచారు.

"భయం లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆరోజు ఈయనకి ఇచ్చింది నూతినీళ్ళా, టిన్ను నీళ్ళా?"

ఆవిడ అధికారిని చూశారు. వీర్రాజు గారిని చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను ఇంకా చెయ్యెత్తే నిలబడి ఉన్నాను, లాల్చీ చెమటకి ఒంటికి అంటుకుపోయింది, హాలంతా నా వైపే చూస్తోంది. ఆవిడ పమిట భుజం నిండా కప్పుకున్నారు.

"ఆయ్, నూతివేనండి," అన్నారు.

"మంగాయమ్మా," అన్నారు వీర్రాజు గారు.

అప్పుడైనా నేను నోరు తెరవచ్చు. ఎత్తిన చెయ్యి దించుకుని, పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. అధికారి ఏదో రాసుకుని ఫైలు మూశారు. ఆయన సంతోషంగా ఏమీ లేరు. "పై ఊరోళ్ళ నూతిలో అసలు నీళ్ళే లేవండి. వాళ్ళకి ముందిద్దాం. మీరు, డైరెక్టరు గారు చెప్పినట్టు, పాటు వేళ చూసుకుని తోడుకోండి," అన్నారు. నా కవిత్వం ప్రభుత్వ నిర్ణయంగా మారిన సందర్భం అదొక్కటే.

బయట మెట్ల దగ్గర పేటవాళ్ళు ఒక పక్క, మంగాయమ్మ గారు ఒక పక్క నిలబడి ఉన్నారు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకలా చెప్పారు పిన్నిగారూ?"

"తమరలా నిలబడిపోయేరు కదండి," అన్నారావిడ. "అంతమందిలో తమర్ని అబద్ధికుణ్ణి చేస్తామాండి? మా ఇంట్లో నీళ్ళు తాగినోరు."

"మరి పైపు?"

"ఏదోటి అవుద్దిలెండి. మొహం వాడిపోయింది, భోంచేసేరా?"

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు. నాకు ఆవిడ ఉప్పు కూడా తగలనివ్వలేదు, అయినా చేశాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటే ఏమిటో ఆ మెట్ల మీద తెలిసింది. చావలేదు, అది వేరే విషయం. శీను బండి మీద ఎక్కి ఇంటికి వచ్చేశాను.

పేటలో కొన్నాళ్ళు మంగాయమ్మ గారితో ఎవరూ మాట్లాడలేదట. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, బయటివాణ్ణి కదా. వారం తర్వాత ఆ అధికారికి ఉత్తరం రాశాను, తప్పంతా నాదేనని. మూడుసార్లు దిద్దాను. నాలుగోసారి బల్ల సొరుగులో పెట్టాను. ఎందుకంటే ఈలోగా సినిమాని వేరే రాష్ట్రంలో ఒక ఉత్సవానికి పంపించి ఉన్నాను. అక్కడ దానికి బహుమతి వచ్చింది. దేనికో ఊహించలేరు. నిజాయతీకి. ముఖ్యంగా ఆ గ్లాసు సన్నివేశంలో ఎక్కడా కట్ లేదని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. ఆ బహుమతితోనే నా వృత్తి నిలబడింది, తర్వాతి సినిమాలన్నీ దాని పుణ్యమే. జ్ఞాపికని మా నాన్నగారు హాల్లో పెట్టారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, "నిజాలు తీస్తాడండి" అంటున్నారు.

బహుమతి ఇంటికొచ్చాక ఉత్తరం పోస్టు చేశాను. అప్పటికి పై ఊరి లైనుకి గొట్టాలు దిగిపోయాయి.

ఆ సంగతి శీను చెప్పాడు. ఆ పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి వస్తూ పేట దగ్గర ఆగాడట. పై ఊరికి వెళ్ళే లైను పేటలోంచే, మంగాయమ్మ గారి గుమ్మం ముందు నుంచే తవ్వుతున్నారట. ఎండ మాడిపోతోంది. తవ్వేవాళ్ళలో ఒకడు ఆవిడ గుమ్మంలోకి వచ్చి దాహం అడిగాడు. ఆవిడ కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, టిన్ను మూత తీసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి రెండు చేతులతో ఇచ్చారట. వాడు తాగి, "బాగున్నాయమ్మా," అన్నాడట. ఇంకో గ్లాసు ఇమ్మంటారా అని అడిగారట ఆవిడ.

అందుచేత పాఠకులారా, మీ అందరి ఎదుటా తడిగుడ్డతో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట కెమెరా ఉన్నచోట ఏ ఇంట్లోనూ పచ్చి గంగ ముట్టను. కాజా ముట్టను. సెల్ఫీ కెమెరాలో మొహం చిట్లించను. సముద్రం తరఫున కవిత్వం చెప్పను. ఎవరైనా లేచి, మీ సినిమాలో అబద్ధం ఉందా అని అడిగితే, ఉందండి, అందులో మాట్లాడే గొంతే అబద్ధమండి అని చెయ్యెత్తి చెబుతాను. చెప్పాల్సిన మాట కంఠతా పట్టుకుని ఇన్నేళ్ళుగా ప్రతి సభలోనూ ఎదురుచూస్తున్నాను. చప్పట్లు కొడుతున్నారు గానీ, ఆ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.